మీ వైఫైలో ఉన్నవి ఏంటి, ఎవరివి? కమాండ్ లైన్‌తో పరికరాలను గుర్తించే పద్ధతి

రౌటర్ పేజీ తెరిస్తే పద్నాలుగు పరికరాలు కనిపిస్తాయి. ఇంట్లో ఉండేదేమో నలుగురు. సగం వరసల్లో పేరే ఉండదు, ఉన్న పేర్లు కూడా అర్థం కావు. ఇక "ఎవరో మన నెట్ వాడేస్తున్నారు" అని టెన్షన్ మొదలవుతుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో హాస్టల్ నడిపేవాళ్లకీ, గాజువాకలో ఒకే రౌటర్ మీద బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, సీసీ కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టుకున్న షాపువాళ్లకీ, మధురవాడలో ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులకీ ఇదే ప్రశ్న. చాలాసార్లు ఆ తెలియని పరికరం మన గీజర్ స్మార్ట్ ప్లగ్గో, బీరువాలో పడేసిన పాత ట్యాబో అయి ఉంటుంది. కొన్నిసార్లు కాదు. ఏది ఏదో కచ్చితంగా తేల్చుకోవాలంటే కమాండ్ లైన్‌ను (ఆదేశాలు టైప్ చేసి పని చేయించే పద్ధతిని) మించింది లేదు.

ముందే ఒక మాట. "ఇది ఫలానా వస్తువు" అని ఏ ఒక్క కమాండూ చెప్పదు. ఒక్కొక్కటి ఒక్కో ఆధారం ఇస్తుంది. ఆ ఆధారాలను కలిపి తేల్చాల్సింది మనం. కనీసం రెండు వేర్వేరు ఆధారాలు ఒకే వస్తువును చూపిస్తేనే దాని పేరు రాసుకోండి. అప్పటిదాకా ప్రశ్నార్థకమే ఉంచండి.

ఈ వ్యాసంలో కమాండ్లను తెలుగు లిపిలో, అక్షరాలను పలికినట్టే రాస్తున్నాను. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైప్ చేయాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. ఖాళీ ఉన్న చోట ఖాళీ, హైఫన్ ఉన్న చోట హైఫన్ అలాగే ఉంచండి.

మీది కాని నెట్‌వర్క్‌ను స్కాన్ చేయకండి. ఆఫీసులో అయితే సిస్టమ్స్ చూసేవాళ్లను అడగండి, అద్దె ఇంట్లో ఓనర్ రౌటర్ అయితే ఓనర్‌ను అడగండి. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకో నెట్‌వర్క్‌లోకో వెళ్లడం ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 కిందకు వస్తుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

మొదటి అడుగు: మీరు ఎక్కడున్నారో తెలుసుకోండి

లైనక్స్‌లో ఈ రెండు కమాండ్లు కొట్టండి:

ఐపీ ఏ
ఐపీ ఆర్

మొదటిది మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) చూపిస్తుంది, ఉదాహరణకు 192.168.1.23/24. రెండోది ఇచ్చే జవాబులో "డీఫాల్ట్ వయా" తర్వాత ఉండేది రౌటర్ అడ్రస్, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. జియో ఫైబర్ ఇళ్లలో ఎక్కువగా 192.168.29.1 కనిపిస్తుంది. విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఒకే పదంగా కొడితే రెండూ ఒకేచోట వస్తాయి.

చివర ఉన్న /24 ముఖ్యం. మీ నెట్‌వర్క్‌లో మొత్తం 256 అడ్రస్‌లు ఉన్నాయనీ, వాటిలో పరికరాలకు ఇవ్వగలిగినవి 254 అనీ దాని అర్థం. మనం వెతకాల్సిన జాగా అంతే. ఇకపై ఉదాహరణలన్నిటిలో 192.168.1.0/24 అనే రాస్తాను, మీరు మీ అంకెలు పెట్టుకోండి.

విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడే కుర్రాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. డబ్ల్యూఎస్ఎల్ 2 మామూలు సెట్టింగ్‌లో తనకంటూ వేరే లోపలి నెట్‌వర్క్ పెట్టుకుంటుంది. అక్కడ అడ్రస్ 172తో మొదలవుతుంటే మీరు చూస్తున్నది ఇంటి నెట్‌వర్క్ కాదు. నేరుగా విండోస్ ప్రాంప్ట్ నుంచే పని చేయండి.

రెండో అడుగు: కంప్యూటర్‌కు ఇప్పటికే తెలిసినవి

ఏఆర్‌పీ -ఏ

ఇది విండోస్‌లోనూ ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలోనూ దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేస్తుంది. లైనక్స్‌లో అయితే ఐపీ ఎన్ అని కొడితే చాలు. ఒకే లోకల్ నెట్‌వర్క్‌లోని రెండు యంత్రాలు మాట్లాడుకోవాలంటే ఐపీ అడ్రస్ ఒక్కటే సరిపోదు, అవతలి నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు నంబర్, అంటే మ్యాక్ అడ్రస్ (ఆపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు) కూడా తెలియాలి. "192.168.1.9 ఎవరు?" అని అందరికీ వినిపించేలా అడిగితే, ఆ అడ్రస్ ఉన్నది మాత్రమే "నేనే, నా మ్యాక్ ఇది" అని జవాబిస్తుంది. 1982లో వచ్చిన ఏఆర్‌పీ ప్రోటోకాల్ చేసే పని ఇదే. ఆ జవాబులను మీ కంప్యూటర్ కాసేపు పట్టికలో ఉంచుకుంటుంది. మీరు చూస్తున్నది ఆ పట్టికనే.

అందుకే అందులో రౌటర్, ప్రింటర్, మీరు ఈమధ్య మాట్లాడిన ఒకటి రెండు తప్ప ఏమీ ఉండవు. జాబితా చిన్నగా ఉందని నిశ్చింతగా ఉండిపోకండి. విండోస్‌లో 224, 239తో మొదలయ్యే వరసలు, చివర 255 ఉన్న వరస పరికరాలు కావు, వాటిని వదిలేయండి. లైనక్స్‌లో "స్టేల్" అని ఉంటే ఆ పరికరం పోయిందని కాదు, ఈమధ్య సరిచూడలేదని మాత్రమే. "ఫెయిల్డ్" అంటే అడిగినా జవాబు రాలేదని.

మూడో అడుగు: అందరినీ పేరుపేరునా పిలవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. రెండు సాధనాలు కావాలి. ఒకటి ఎన్‌మ్యాప్, స్పెల్లింగ్ ఎన్, ఎమ్, ఏ, పీ. గోర్డన్ లయన్ 1997లో విడుదల చేసిన ఈ సాధనాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. ఉచితం, విండోస్‌కూ మ్యాక్‌కూ దొరుకుతుంది. రెండోది ఏఆర్‌పీ-స్కాన్, లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఉబుంటు లైనక్స్‌లో సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ తర్వాత ఈ రెండు పేర్లూ రాస్తే వచ్చేస్తాయి. సుడో అంటే ఆ కమాండ్‌ను అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడపమని.

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్ఎన్ 192.168.1.0/24

ఇక్కడ ఎస్ఎన్ అంటే పోర్టుల (పరికరంలో ఒక్కో సేవకు ఉండే నంబరు తలుపుల) జోలికి పోకుండా ఎవరున్నారో మాత్రమే చూడమని. సుడో తప్పనిసరిగా పెట్టండి. అది ఉంటే ఎన్‌మ్యాప్ నేరుగా ఏఆర్‌పీతో అడుగుతుంది, మ్యాక్ అడ్రస్‌నూ తయారీదారు పేరునూ కూడా చూపిస్తుంది. సుడో లేకపోతే ఆ వివరాలు రావు, కొన్ని పరికరాలు అసలు కనిపించకనూ పోవచ్చు. విండోస్‌లో సుడో బదులు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రాంప్ట్ వాడండి.

సుడో ఏఆర్‌పీ-స్కాన్ -ఎల్

ఇది ఇంకా సూటిగా ఉంటుంది. కొన్ని క్షణాల్లోనే ఐపీ, మ్యాక్, తయారీదారు మూడు నిలువు వరసల్లో వచ్చేస్తాయి. నేను ముందు దీన్నే నడుపుతాను, ఎన్‌మ్యాప్‌ను లోతుగా చూడాల్సినప్పుడు వాడతాను.

"ఉన్నావా?" అని పరికరాన్ని అడిగే పింగ్ కమాండ్‌తో ఎందుకు వెతకకూడదని అడుగుతారు. పింగ్‌కు జవాబివ్వకుండా ఉండడం చాలా సులువు. విండోస్ ఫైర్‌వాల్ పబ్లిక్ నెట్‌వర్క్‌లో పింగ్‌ను మామూలుగానే అడ్డుకుంటుంది. ఏఆర్‌పీకి జవాబివ్వకుండా మాత్రం ఏ పరికరమూ లోకల్ నెట్‌వర్క్‌లో సరిగా పనిచేయలేదు. దాక్కోవడం కష్టం కాబట్టే అదే నమ్మదగ్గ పద్ధతి.

ఒక్కసారి నడిపి ఇంతే అనుకోకండి. స్క్రీన్ ఆఫ్ అయిన ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం నిద్రలో ఉంటాయి, మొదటి పిలుపుకు పలకకపోవచ్చు. ఏఆర్‌పీ-స్కాన్‌లో -ఆర్ 5 అని కలిపితే పలకని అడ్రస్‌ను ఐదుసార్ల దాకా అడుగుతుంది. పొద్దున ఒకసారి, అందరూ ఇంట్లో ఉండే రాత్రి తొమ్మిదింటికి ఒకసారి నడపండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే అందులో ఉన్నవి మామూలు వైఫై నుంచి కనిపించవు, దానిలో చేరి చూసినా ఒకదానికొకటి కనబడకుండా రౌటరే ఆపి ఉండొచ్చు. అలాంటప్పుడు రౌటర్ పేజీలోని డీహెచ్‌సీపీ జాబితాయే (రౌటర్ ఏ పరికరానికి ఏ అడ్రస్ ఇచ్చిందో చెప్పేది) దిక్కు.

నాలుగో అడుగు: మ్యాక్ అడ్రస్‌ను చదవడం

మ్యాక్ అడ్రస్ 48 బిట్లు. రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుగా రాస్తారు. మొదటి మూడు జతలు మామూలుగా తయారీదారుకు ఐఈఈఈ సంస్థ కేటాయించినవి. బీ8:27:ఈబీతో మొదలైతే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, 08:00:27 అయితే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌తో ఇంకో కంప్యూటర్ లోపల నడిచే నకలు కంప్యూటర్.

తయారీదారు పేరు చూసి తొందరపడి తేల్చేయకండి. అక్కడ కనిపించేది తరచుగా లోపలి వైఫై చిప్ చేసినవాళ్ల పేరే, డబ్బా మీద ముద్రించిన బ్రాండ్ కాదు. "ఎస్ప్రెసిఫ్" అని కనిపిస్తే ఎవరో చైనా హ్యాకర్ అని కంగారు పడినవాళ్లున్నారు. అది స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో ఉండే చిప్ కంపెనీ. "హాన్ హై", "లైట్‌ఆన్", "అజూర్‌వేవ్" అని వస్తే ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు అయ్యే అవకాశం ఎక్కువ. "హాంగ్‌జౌ హిక్‌విజన్" వస్తే కెమెరా లేదా డీవీఆర్.

మరి తయారీదారు పేరే రాకపోతే? ఇక్కడ తెలిసి ఉండాల్సిన చిన్న కిటుకు ఒకటుంది. మ్యాక్ అడ్రస్‌లో రెండో అక్షరం చూడండి. అది 2, 6, ఏ, ఈ వీటిలో ఏదైనా అయితే అది ఫ్యాక్టరీలో ఇచ్చిన అడ్రస్ కాదు, పరికరం తనకు తానే పెట్టుకున్నది. ఉదాహరణకు డీఏ:41:7సీ... అని ఉంటే రెండో అక్షరం ఏ. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో యాదృచ్ఛిక మ్యాక్ వాడుతున్నాయి. మనల్ని ఎవరూ వెంటాడకుండా పెట్టిన మంచి ఏర్పాటు ఇది. ఇంట్లో లెక్క తేల్చేటప్పుడు మాత్రం చిక్కు. ఫోన్‌లో వైఫైని ఫర్గెట్ చేసి మళ్లీ కలిపినా, ఫోన్ రీసెట్ చేసినా కొత్త అడ్రస్ రావచ్చు, రౌటర్ జాబితాలో ఒకే ఫోన్ రెండుగా కనబడుతుంది. ఇంట్లో నలుగురే ఉన్నా పద్నాలుగు పేర్లు ఉండడానికి ఇదీ ఒక కారణం.

ఏ ఫోన్ ఏదో తేల్చడానికి చుట్టూ తిరగక్కర్లేదు. ఆ ఫోన్‌లోనే సెట్టింగ్స్, వైఫై, కలిసి ఉన్న నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే ఇప్పుడు వాడుతున్న మ్యాక్ అక్కడే ఉంటుంది. అమ్మ ఫోన్, నాన్న ఫోన్ తీసుకుని ఒక్కొక్కటీ చూసి రాసుకోండి.

ఇంకో రెండు తేడాలు. రెండు మూడు ఐపీలకు ఒకే మ్యాక్ కనిపిస్తే ముందు రేంజ్ ఎక్స్‌టెండర్‌ను అనుమానించండి. కొన్ని ఎక్స్‌టెండర్లు తమ వెనక ఉన్న పరికరాలన్నిటికీ తమ మ్యాకే తగిలిస్తాయి. ఇంట్లో ఎక్స్‌టెండర్ లేకపోయినా రౌటర్ ఐపీకి వేరే పరికరం మ్యాక్ వస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ ట్రాఫిక్‌ను తనవైపు తిప్పుకునేవాళ్లు చేసేది సరిగ్గా అదే. ఏఆర్‌పీ-స్కాన్‌లో ఒకే ఐపీ రెండు వేర్వేరు మ్యాక్‌లతో వచ్చి పక్కన "డూప్" అని ఉంటే, రెండు పరికరాలు ఒకే అడ్రస్ కోసం కొట్టుకుంటున్నాయని అర్థం. షాపుల్లో ప్రింటర్ ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకపోవడానికి ఇది తరచుగా కనిపించే కారణం.

ఐదో అడుగు: అవి చెప్పుకునే పేర్లు వినడం

టీవీలు, ప్రింటర్లు, స్పీకర్లు తమను ఎవరైనా కనుక్కోవాలనే కోరుకుంటాయి. అందుకే 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రస్ మీద, 5353 పోర్టులో తమ పేరు చెప్పుకుంటూ ఉంటాయి. దీన్ని ఎండీఎన్ఎస్ అంటారు. లైనక్స్‌లో అవాహి-యుటిల్స్ ప్యాకేజీ పెట్టుకుని ఇలా కొట్టండి. అవాహి స్పెల్లింగ్ ఏ, వీ, ఏ, హెచ్, ఐ.

అవాహి-బ్రౌజ్ -ఏఆర్‌టీ

జవాబు పొడవుగా వస్తుంది, ఓపిగ్గా చదవండి. "గూగుల్‌కాస్ట్" అనే వరస కింద ఎఫ్ఎన్ అనే గుర్తు పక్కన టీవీకి మీరు పెట్టిన పేరు ఉంటుంది, "హాల్ టీవీ" అని పెట్టుకుంటే అదే పేరు అక్కడ కనబడుతుంది. "ఐపీపీ" అనే వరసలో ప్రింటర్ మోడల్ వస్తుంది. అన్ని వరసల్లోనూ ఐపీ అడ్రస్ ఉంటుంది కాబట్టి మూడో అడుగులో వచ్చిన జాబితాతో జత కలపొచ్చు. నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ అడుగే, అందరూ దాటేసేదీ ఇదే.

విండోస్ కంప్యూటర్ల పేర్లకు ఎన్‌బీటీ-స్కాన్ అనే సాధనం ఉంది. దాని పేరును హైఫన్ లేకుండా ఒకే పదంగా కొట్టి, పక్కన 192.168.1.0/24 ఇస్తే సరిపోతుంది. పేర్లు రాని టీవీల కోసం ఎన్‌మ్యాప్‌లో బ్రాడ్‌కాస్ట్-యూపీఎన్‌పీ-ఇన్ఫో అనే స్క్రిప్ట్ ఉంది, అది మోడల్ పేరు రాబట్టగలదు.

ఆరో అడుగు: తలుపులు చూసి ఇల్లు పోల్చుకోవడం

ఇప్పటికీ తేలనివి రెండో మూడో మిగులుతాయి. వాటి మీద మాత్రమే పోర్ట్ స్కాన్ చేయండి, నెట్‌వర్క్ మొత్తం మీద కాదు.

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్‌వీ 192.168.1.9

ఇందులో ఎస్ చిన్నది, వీ పెద్ద అక్షరం. మామూలుగా ఎక్కువ వాడుకలో ఉన్న 1000 పోర్టులను చూసి, తెరిచి ఉన్న వాటిలో ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో అడుగుతుంది. 554 తెరిచి ఉంటే వీడియో పంపే పరికరం, దాదాపుగా కెమెరా లేదా డీవీఆర్. 9100, 631 ఉంటే ప్రింటర్. 8008, 8009 కలిసి ఉంటే క్రోమ్‌కాస్ట్ లేదా ఆండ్రాయిడ్ టీవీ. 62078 ఒక్కటే ఉంటే ఐఫోన్ లేదా ఐప్యాడ్. 445 ఉంటే విండోస్ కంప్యూటర్, లేదా ఫైళ్లు పంచే హార్డ్ డిస్క్. 80 లేదా 443 ఉంటే బ్రౌజర్‌లో ఆ ఐపీ కొట్టి చూడండి, లాగిన్ పేజీ మీద మోడల్ పేరు రాసి ఉండడం మామూలే.

ప్రింటర్ల గురించి జాగ్రత్త. 9100 పోర్టుకు ఏం పంపినా కొన్ని ప్రింటర్లు దాన్ని కాగితం మీద అచ్చేస్తాయి. అందుకే ఎన్‌మ్యాప్ వెర్షన్ అడిగేటప్పుడు 9100 నుంచి 9107 దాకా తనంతట తానే వదిలేస్తుంది. ఆల్‌పోర్ట్స్ అనే ఆప్షన్ పెట్టి ఆ రక్షణను తీసేయకండి. ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో యంత్రాలు కలిసి ఉన్న నెట్‌వర్క్ అయితే ఈ అడుగు అసలు వేయకండి, పాత పరికరాలు స్కాన్ దెబ్బకు ఆగిపోవచ్చు.

పోర్టులన్నీ మూసి ఉంటే ఒక చిన్న ఆధారం మిగిలి ఉంటుంది. ఆ ఐపీకి పింగ్ కొట్టి, జవాబులో టీటీఎల్ అంకె (ఆ సందేశం ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పేది) చూడండి. 64 అయితే లైనక్స్, ఆండ్రాయిడ్ లేదా ఆపిల్ కుటుంబం. 128 అయితే విండోస్. 255 అయితే నెట్‌వర్క్ పరికరమో, చిన్న చిప్‌తో నడిచేదో కావచ్చు. దీని ఒక్కదాని మీద ఆధారపడి తేల్చొద్దు.

ఇప్పుడు ఇవన్నీ కలిపి చూద్దాం. సీతమ్మధారలో ఒక ఫ్లాట్ అనుకుందాం, స్కాన్‌లో 192.168.1.17 అనే తెలియని పరికరం వచ్చింది. తయారీదారు ఎస్ప్రెసిఫ్. ఎండీఎన్ఎస్‌లో పేరు లేదు. పోర్టులన్నీ మూసి ఉన్నాయి. టీటీఎల్ 255. రాత్రీ పగలూ జాబితాలో ఉంటోంది, అంటే జేబులో తిరిగే ఫోన్ కాదు. చిప్, టీటీఎల్, ఎప్పుడూ ఆన్‌లో ఉండడం మూడూ స్మార్ట్ ప్లగ్గు లేదా బల్బు వైపే చూపిస్తున్నాయి. ఏ ప్లగ్గో తేలాలంటే ఇక టెర్మినల్ పని అయిపోయింది, లేచి స్విచ్‌ల దగ్గరికి వెళ్లాలి.

ఏడో అడుగు: స్విచ్ ఆపి చూడటం

పింగ్ 192.168.1.17

లైనక్స్‌లో, మ్యాక్‌లో ఇది ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. విండోస్‌లో చివర -టీ కలపండి. పింగ్‌కు పలకని పరికరమైతే ఏఆర్‌పీ-స్కాన్‌కు ఆ ఒక్క ఐపీ ఇచ్చి మళ్లీ మళ్లీ నడపండి. ఇక ఒక్కొక్క గదిలో అనుమానం ఉన్నవాటి స్విచ్ ఆపుతూ రండి. గీజర్ ప్లగ్గు ఆపగానే జవాబులు ఆగిపోయాయా? మళ్లీ వేస్తే అర నిమిషంలో తిరిగి వచ్చాయా? అయితే అదే. రెండుసార్లు చేసి చూడండి, ఒకసారి యాదృచ్ఛికంగా కలవొచ్చు.

కేబుల్‌తో కలిపిన పరికరం జాబితాలో వస్తూ పోతూ ఉంటే వెంటనే ఎవరినో అనుమానించకండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ల్యాన్ కనెక్టర్ పిన్నులు పాడవుతుంటాయి. కనెక్టర్ మార్చి చూడండి.

ఎనిమిదో అడుగు: రిజిస్టర్ పెట్టుకోవడం

ఇంత కష్టపడి తేల్చింది రాసిపెట్టకపోతే ఆరు నెలల తర్వాత మళ్లీ మొదటికే వస్తారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లాంటిది మీ నెట్‌వర్క్‌కూ ఉండాలి. ఒక్కో వరసలో మ్యాక్, ఐపీ, వస్తువు, ఏ గదిలో ఉంది, ఏ ఆధారాలతో తేల్చారు అని రాయండి. చివరి వివరాన్ని వదిలేయొద్దు. "554 పోర్టు, హిక్‌విజన్ మ్యాక్, స్విచ్ ఆపితే పోయింది" అని ఉంటే తర్వాత ఎవరు చూసినా నమ్ముతారు.

కంప్యూటర్‌తో పోల్చాలంటే ఏఆర్‌పీ-స్కాన్‌కు -ఎక్స్ కలపండి, పైనా కిందా వచ్చే అదనపు వరసలు తీసేసి పరికరాల జాబితా మాత్రమే ఇస్తుంది. చివర > గుర్తు పెట్టి ఒక ఫైల్ పేరు రాస్తే అందులో పడుతుంది. వచ్చే నెల ఇంకో ఫైల్‌లో వేసి, రెండింటినీ సార్ట్ చేసి, తేడాలు చూపే డిఫ్ కమాండ్‌కు ఇవ్వండి. కొత్తగా వచ్చినవీ, పోయినవీ మాత్రమే కళ్ల ముందు ఉంటాయి. అన్నీ తెలిసినవే అయిన జాబితాలో కొత్త వరస ఒక్కటి వచ్చినా దొరికిపోతుంది.

షాపులో అయితే ఇంకో పని కూడా ఈరోజే చేయండి. ప్రింటర్, డీవీఆర్, బిల్లింగ్ కంప్యూటర్ మ్యాక్‌లు తెలిశాయి కాబట్టి, రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలో వాటికి స్థిరమైన ఐపీలు రిజర్వ్ చేయండి. గాలివానకు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ అడ్రస్‌లు మార్చి పంచడం, బిల్లు ప్రింట్ ఆగిపోవడం అనే తలనొప్పి తగ్గుతుంది. డీవీఆర్‌కు కొన్నప్పటి పాస్‌వర్డే ఉంటే అదీ మార్చండి.

అన్ని అడుగులూ వేసినా ఒక పరికరం ఎవరిదో తేలకపోతే, ఆ ఒక్క మ్యాక్‌ను బ్లాక్ చేసి ఊరుకోవద్దు. యాదృచ్ఛిక మ్యాక్‌తో మళ్లీ వచ్చేస్తుంది. వైఫై పాస్‌వర్డ్ మార్చండి, సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3లో ఉంచండి, పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ సౌకర్యాన్ని ఆపేయండి. తర్వాత రిజిస్టర్ ముందు పెట్టుకుని మీ పరికరాలను ఒక్కొక్కటిగా కొత్త పాస్‌వర్డ్‌తో కలపండి, వచ్చిపోయే చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. పాస్‌వర్డ్ మార్చిన రాత్రి స్కాన్ మళ్లీ నడిపి, రిజిస్టర్‌తో వరస వరసా సరిచూసుకోండి.